వాదపత్రం గడప దాటిన సాక్ష్యం: అమెరికా ఫెడరల్ న్యాయస్థానాల్లో కొట్టివేత అభ్యర్థన సంక్షిప్త తీర్పుగా మారే నియమం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

సివిల్ దావా పూర్తి విచారణ దాకా వెళ్లకుండానే ముగిసే మార్గాలు అమెరికా ఫెడరల్ న్యాయస్థానాల్లో ముఖ్యంగా రెండు ఉన్నాయి. వాది చెప్పినదంతా నిజమే అనుకున్నా చట్టం అతనికి ఏ ఉపశమనమూ ఇవ్వదని చూపి, దావాను తొలి దశలోనే తోసివేయమని ప్రతివాది కోరడం మొదటిది. ఇది కొట్టివేత అభ్యర్థన. ఆధారాలను పరిశీలిస్తే తేల్చవలసిన వాస్తవ వివాదమేదీ మిగలలేదని, కనుక చట్టాన్ని అన్వయించి తీర్పు చెప్పవచ్చని కోరడం రెండవది. ఇది సంక్షిప్త తీర్పు. మొదటి దానిలో న్యాయమూర్తి ముందుండేది వాదపత్రం ఒక్కటే. రెండవ దానిలో అఫిడవిట్లు, వాంగ్మూలాలు, దస్తావేజులు ఆయన ముందుకు వస్తాయి.

పుస్తకంలో ఇంత స్పష్టంగా కనిపించే ఈ విభజన కోర్టు హాలులో నిలవలేదు. ప్రతివాది కొట్టివేత కోరుతూనే తన అభ్యర్థనకు ఒక అఫిడవిట్‌నో, ఒప్పంద ప్రతినో జతచేస్తాడు. న్యాయమూర్తి దానిని చదువుతాడు. చదివిన తరువాత ఆ దావా భవితవ్యం వాదపత్రంలోని మాటల మీద ఆధారపడి ఉందా, జతచేసిన కాగితం మీద ఆధారపడి ఉందా అన్నది చెప్పడం కష్టమవుతుంది. తన మాట చట్టరీత్యా చెల్లుతుందా అన్న ప్రశ్నకు మాత్రమే సిద్ధపడి వచ్చిన వాది, తన మాటను రుజువు చేయలేదన్న కారణంతో ఓడిపోవచ్చు. ఈ ప్రమాదానికి సమాధానంగా 1946లో ఫెడరల్ సివిల్ ప్రక్రియా నియమాల్లో ఒక సవరణ వచ్చింది. వాదపత్రానికి బయటి విషయాన్ని న్యాయస్థానం స్వీకరిస్తే ఆ అభ్యర్థనను సంక్షిప్త తీర్పు అభ్యర్థనగా పరిగణించాలని, ఉభయ పక్షాలకూ తమ ఆధారాలు సమర్పించే అవకాశం ఇవ్వాలని ఆ సవరణ చెప్పింది. దీనిని న్యాయశాస్త్ర గ్రంథాలు సాధారణంగా కాలయాపనను తగ్గించే ఉపాయంగా వర్ణిస్తాయి. అది నిజమే గాని సగం నిజం. ముందుగా తెలియజేయకుండా ఎవరినీ ఓడించరాదన్న సూత్రమే ఈ నియమానికి ప్రాణమని, తరువాతి డెబ్బై ఏళ్ల వివాదాలన్నీ ఆ సూత్రం చుట్టూనే తిరిగాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

డిమర్రర్ వారసత్వం

కొట్టివేత అభ్యర్థనకు పూర్వరూపం ఇంగ్లండు కామన్ లా లోని డిమర్రర్. ప్రతివాది డిమర్రర్ దాఖలు చేశాడంటే, వాది చెప్పిన వాస్తవాలను ఒప్పుకుంటూనే, వాటి వల్ల చట్టరీత్యా తన మీద బాధ్యత ఏర్పడదని వాదిస్తున్నాడని అర్థం. పూర్వ పద్ధతిలో ఇది పెద్ద సాహసమే. డిమర్రర్ ఓడిపోతే వాస్తవాలను మళ్లీ కాదనే అవకాశం ఉండేది కాదు. ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టే మిగిలేది.

డిమర్రర్‌లో ప్రతివాది కొత్త వాస్తవాన్ని చేర్చకూడదు. అలా చేర్చినదానిని ‘మాట్లాడే డిమర్రర్’ అని పిలిచి న్యాయస్థానాలు తిరస్కరించేవి. పేరులోనే ఎత్తిపొడుపు ఉంది. డిమర్రర్ పని ఎదుటివారి మాటలోని లోపాన్ని చూపడమే గాని తానుగా కథ చెప్పడం కాదు. వాదపత్రానికీ సాక్ష్యానికీ మధ్య ఆ రోజుల్లో కట్టిన గోడ ఇదే. 1848లో డేవిడ్ డడ్లీ ఫీల్డ్ కృషితో న్యూయార్క్ రాష్ట్రం ప్రక్రియా కోడ్‌ను తెచ్చినప్పుడు పాత వ్యాజ్య రూపాలు పోయాయి గాని డిమర్రర్ మిగిలింది. వాదపత్రంలో ‘వ్యాజ్య హేతువు’ను ఏర్పరచే వాస్తవాలు ఉండాలన్న నిబంధన ఆ కోడ్‌తోనే బలపడింది. ఏది వాస్తవం, ఏది సాక్ష్యం, ఏది చట్టపరమైన నిర్ధారణ అన్న తర్కంలో న్యాయవాదులు దశాబ్దాలు గడిపారు. ఆ తర్కం వల్ల లాభపడిన కక్షిదారులు ఎందరో చెప్పడం కష్టం. ఇంగ్లండు మాత్రం 1883 నాటి నియమాలతో డిమర్రర్‌ను రద్దు చేసి, చట్ట ప్రశ్నను అభివచనాల్లోనే లేవనెత్తే వేరే పద్ధతిని తెచ్చుకుంది.

సంక్షిప్త తీర్పు వచ్చిన దారి

సంక్షిప్త తీర్పు పుట్టింది వేరొక అవసరం నుంచి. వర్తకులు హుండీల మీద, ప్రామిసరీ నోట్ల మీద రావలసిన బాకీ కోసం దావా వేస్తే, ఇవ్వవలసినవాడు ఏ నిజమైన వాదమూ లేకుండానే జవాబు దాఖలు చేసి నెలల తరబడి కాలం గడిపేవాడు. దీనిని అరికట్టడానికి 1855లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. దానిని ప్రవేశపెట్టిన సభ్యుని పేరిట అది కీటింగ్ చట్టంగా ప్రసిద్ధమయింది. ఆ చట్టం కింద ప్రతివాది వాదించాలంటే ముందు న్యాయమూర్తి అనుమతి పొందాలి. 1873 నాటి జ్యుడికేచర్ చట్టం తరువాత వచ్చిన 14వ ఆర్డరు ఈ పద్ధతిని మరికొన్ని రకాల బాకీలకు విస్తరించింది. భారతీయ సివిల్ ప్రక్రియా స్మృతిలోని 37వ ఆర్డరు కూడా ఈ వంశానిదే. ప్రామిసరీ నోటు దావాలు నడిపిన తెలుగు న్యాయవాదులకు ‘వాదించడానికి అనుమతి’ అన్న మాట చిరపరిచితం.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1921లో 113వ నియమంగా దీనిని స్వీకరించింది. 1929లో యేల్ లా జర్నల్‌లో చార్లెస్ ఇ. క్లార్క్, చార్లెస్ సామెనోవ్ కలిసి సంక్షిప్త తీర్పు మీద ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించారు. అప్పటికి ఎక్కడెక్కడ ఈ పద్ధతి ఉన్నదీ, ఎలా పనిచేస్తున్నదీ అందులో పరిశీలించారు. క్లార్క్ ఆ తరువాతి చరిత్రలో పదేపదే కనిపించే వ్యక్తి.

బాకీ వసూలు కోసం వాది చేతికిచ్చిన ఆయుధం ప్రతివాది చేతికి కూడా వచ్చిన ఘట్టం 1938. ఆ సంవత్సరం అమలులోకి వచ్చిన ఫెడరల్ నియమాల్లోని 56వ నియమం అన్ని రకాల సివిల్ దావాల్లోనూ ఇరుపక్షాలకూ సంక్షిప్త తీర్పు కోరే వీలు కల్పించింది. ఈ మార్పు ప్రాధాన్యం అప్పట్లో అంతగా గుర్తింపు పొందినట్టు లేదు. హుండీ దావాలో ప్రతివాది దగ్గర వాదం లేకపోవడం సామాన్యం. గాయపడినవాడో, ఉద్యోగం పోయినవాడో వేసిన దావాలో ఆధారాలన్నీ ప్రతివాది దగ్గరే ఉండడం సామాన్యం. ఒకే పనిముట్టు రెండు చోట్లా ఒకే పని చేయదు.

1938 నియమాలు, ఎనిమిదేళ్ల అయోమయం

1934లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం ఫెడరల్ జిల్లా న్యాయస్థానాల ప్రక్రియా నియమాలను రూపొందించే అధికారాన్ని సుప్రీంకోర్టుకు ఇచ్చింది. సుప్రీంకోర్టు 1935లో మాజీ అటార్నీ జనరల్ విలియం డి. మిచెల్ అధ్యక్షతన సలహా సంఘాన్ని నియమించింది. యేల్ న్యాయ కళాశాల డీన్‌గా ఉన్న క్లార్క్ దానికి రిపోర్టర్. నియమాలు 1938 సెప్టెంబరు 16న అమలులోకి వచ్చాయి. డిమర్రర్ పేరు తొలగిపోయింది. దాని స్థానంలో, ఉపశమనం ఇవ్వదగిన క్లెయిమును వాదపత్రం పేర్కొనలేదన్న కారణంతో కొట్టివేత కోరే వీలును 12వ నియమం ఇచ్చింది. ‘వ్యాజ్య హేతువు’ అన్న మాట కావాలనే వదిలేశారు. వాది తనకు ఉపశమనం ఎందుకు దక్కాలో క్లుప్తంగా, సరళంగా చెబితే చాలునని 8వ నియమం నిర్దేశించింది.

ఈ సరళత ఎంత దూరం వెళ్తుందో 1944 నాటి డియోగార్డి వర్సెస్ డర్నింగ్ తీర్పు చూపింది. ఇటలీ నుంచి ఔషధ సారాల సీసాలు దిగుమతి చేసుకున్న ఒక వ్యక్తి న్యూయార్క్ రేవు కస్టమ్స్ కలెక్టరు మీద న్యాయవాది లేకుండా, తన సొంత ఇంగ్లీషులో దావా రాసుకున్నాడు. వేలంలో సరుకును మరొక పాటదారుకు అతని 120 డాలర్ల ధరకు కాక తన 110 డాలర్ల ధరకే అమ్మారని, వేలానికి మూడు వారాల ముందే రెండు పెట్టెలు మాయమయ్యాయని అతని ఆరోపణ. జిల్లా న్యాయస్థానం కొట్టివేసింది. అప్పటికి సెకండ్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉన్న క్లార్క్ ఆ ఉత్తర్వును రద్దు చేస్తూ, భాష ఎంత అస్తవ్యస్తంగా ఉన్నా అతని సరుకును అక్రమంగా అమ్మారన్న ఆరోపణ అందులో ఉందని తేల్చారు.

వాదపత్రం ఇంత సులభంగా నిలబడగలిగితే ప్రతివాది చేసేదేమిటి? వాదపత్రం బయటికి చూడడమే. 1938 తరువాత ప్రతివాదులు కొట్టివేత అభ్యర్థనలకు అఫిడవిట్లు జతచేయడం పెరిగింది. 12వ నియమం వాదపత్రం గురించి మాత్రమే మాట్లాడుతున్నది కనుక బయటి విషయాన్ని చూడరాదని కొన్ని న్యాయస్థానాలు అన్నాయి. అనేక జిల్లా న్యాయస్థానాలు చూశాయి. పాత ‘మాట్లాడే డిమర్రర్’ ఇప్పుడు ‘మాట్లాడే అభ్యర్థన’గా తిరిగి వచ్చింది. కేసు అప్పీలుకు చేరేసరికి అఫిడవిట్లన్నీ రికార్డులో ఉండేవి. వాస్తవ వివాదం లేదని వాటిని బట్టి కళ్లకు కనిపిస్తూ ఉండగా, కేవలం వాదపత్రం సరిపోతుందన్న కారణంతో దావాను వెనక్కి పంపడం అప్పీలు న్యాయమూర్తులకు వృథా ప్రయాసగా తోచింది. సెకండ్ సర్క్యూట్ ఒక మధ్యేమార్గం సూచించింది. అభ్యర్థనకు పెట్టిన పేరు ఏదైనా దానిని సంక్షిప్త తీర్పు అభ్యర్థనగా భావించి పరిష్కరించవచ్చునని 1942 నాటి సమారా వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ వంటి తీర్పుల్లో చెప్పింది.

ఇది తెలివైన పరిష్కారమే. కాని అందులో ఒక లోటు ఉంది. అభ్యర్థన పేరు అప్పీలులో మారితే, కింది న్యాయస్థానంలో వాది దేనికి సమాధానం చెప్పాడన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. కొట్టివేతకు సమాధానంగా చట్ట వాదన మాత్రమే చేసి, అఫిడవిట్లు దాఖలు చేయనివాడి మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కించవచ్చా?

1946 సవరణ

సలహా సంఘం ఈ అభ్యాసాన్ని నిషేధించలేదు, యథాతథంగా ఆమోదించనూ లేదు. 1946 డిసెంబరు 27న సుప్రీంకోర్టు స్వీకరించి, 1948 మార్చి 19న అమలులోకి వచ్చిన సవరణలో 12వ నియమానికి ఒక వాక్యం చేరింది. అభివచనాలకు బయటి విషయాలను పక్షాలు సమర్పించి, న్యాయస్థానం వాటిని తోసిపుచ్చకపోతే, ఆ అభ్యర్థనను 56వ నియమం కింద సంక్షిప్త తీర్పు అభ్యర్థనగా పరిగణించి పరిష్కరించాలి. ఆ నియమానికి సంబంధించిన ఆధారాలన్నిటినీ సమర్పించడానికి అన్ని పక్షాలకూ సమంజసమైన అవకాశం ఇవ్వాలి. సారాంశం ఇంతే. అభివచనాల మీదనే తీర్పు కోరే అభ్యర్థనకు కూడా ఇదే ఏర్పాటు వర్తించింది.

సంఘం జతచేసిన వివరణ చదివితే వారి ఆలోచన తెలుస్తుంది. 12వ నియమం కింది అభ్యర్థన పాత డిమర్రర్ వంటిదేనని వారు అంగీకరించారు. ‘మాట్లాడే అభ్యర్థన’ అన్న మాట నియమాల్లో ఎక్కడా లేదని, అలాంటిదొకటి ఉన్నా దాని హద్దులు ఎవరూ నిర్ణయించలేదని, 56వ నియమంతో ముడిపెడితే న్యాయస్థానాలకు స్థిరమైన ఆధారం దొరుకుతుందని చెప్పారు. రూపం మార్పు వల్ల ఏ పక్షమూ అనుకోని దెబ్బ తినకుండా చూడడమే అవకాశం ఇవ్వాలన్న షరతుకు ఉద్దేశమని కూడా రాశారు. సవరణ చరిత్రను వేగం, పొదుపు అన్న మాటలతో ముగించే పాఠ్యగ్రంథాలు ఈ చివరి ముక్కను తరచుగా వదిలేస్తాయి.

సంక్షిప్త తీర్పు మీద అప్పటికి ఏకాభిప్రాయం ఉన్నదనుకోవడం పొరపాటు. సవరణ వచ్చిన 1946లోనే సెకండ్ సర్క్యూట్‌లో ఆర్న్‌స్టీన్ వర్సెస్ పోర్టర్ తీర్పు వెలువడింది. ప్రసిద్ధ గీతకర్త కోల్ పోర్టర్ తన బాణీలను దొంగిలించాడని వేసిన దావాను జిల్లా న్యాయస్థానం సంక్షిప్తంగా ముగించగా, న్యాయమూర్తి జెరోమ్ ఫ్రాంక్ ఆ తీర్పును రద్దు చేశారు. ఎవరి మాట నమ్మదగినదో జ్యూరీ తేల్చాలి గాని అఫిడవిట్లు తేల్చరాదన్నది ఆయన పక్షం. క్లార్క్ తీవ్రంగా విభేదించారు. డియోగార్డికి తలుపు తెరిచిన న్యాయమూర్తే ఆర్న్‌స్టీన్ విషయంలో తలుపు మూయాలనడం పైకి వైరుధ్యంగా కనిపిస్తుంది. నిజానికి రెండింటి వెనుకా ఒకే నమ్మకం ఉంది. దావాను జల్లెడ పట్టవలసిన చోటు వాదపత్రం కాదు, ఆధారాల దశ. ఆ నమ్మకానికి నియమరూపం ఇస్తే అది 1946 సవరణ అవుతుంది.

కొట్టివేత మార్గం 1957లో మరింత ఇరుకయింది. హ్యూస్టన్ నగరంలోని నల్లజాతి రైల్వే కార్మికులు, తమ 45 ఉద్యోగాలను రద్దు చేశామని చెప్పి వాటిలో చాలావాటిని తెల్లవారికి ఇస్తే తమ యూనియన్ పట్టించుకోలేదని దావా వేశారు. ఆ కాన్లీ వర్సెస్ గిబ్సన్ కేసులో, వాదికి ఉపశమనం కల్పించగల ఏ వాస్తవాలనూ అతను రుజువు చేయలేడని నిస్సందేహంగా తేలితే తప్ప వాదపత్రాన్ని కొట్టివేయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తరువాత ప్రతివాదికి బయటి ఆధారమే ప్రధాన ఆశ్రయం అయింది. రూపాంతరీకరణ నియమం రోజువారీ పని అయింది కూడా అప్పుడే.

తెలియజేయడం అనే బాధ్యత

నియమం అవకాశం ఇవ్వమంది. అవకాశం ఉన్నదని ఎవరు చెప్పాలి? న్యాయవాది ఉన్న కక్షిదారు విషయంలో ఇది చిన్న ప్రశ్న. అభ్యర్థనకు జతచేసిన అఫిడవిట్‌ను చూడగానే రాబోయేదేమిటో న్యాయవాదికి తెలుస్తుంది. జైలులో కూర్చుని పెన్సిలుతో దావా రాసుకున్న ఖైదీకి తెలియదు. ‘ఫలానా అధికారి అలా చేయలేదని ప్రమాణం చేశాడు’ అన్న కాగితం అతనికి అందుతుంది. అది అబద్ధమని అతనికి తెలుసు, తన వాదపత్రంలో ముందే రాశాడు కూడా. మళ్లీ ప్రమాణపూర్వకంగా చెప్పకపోతే అధికారి మాటే నిజమవుతుందని అతనికి ఎవరూ చెప్పరు.

ఈ పరిస్థితిని నేరుగా ఎదుర్కొన్న తొలి ముఖ్య తీర్పుల్లో 1968 నాటి హడ్సన్ వర్సెస్ హార్డీ ఒకటి. అధికారులు కొట్టివేతను గాని, ప్రత్యామ్నాయంగా సంక్షిప్త తీర్పును గాని కోరుతూ అఫిడవిట్లు దాఖలు చేశారు. న్యాయవాది లేని ఖైదీ మీద సంక్షిప్త తీర్పు ఇచ్చే ముందు ఆ నియమం ఏమి కోరుతున్నదో అతనికి న్యాయంగా తెలియజేయవలసిందని కొలంబియా డిస్ట్రిక్ట్ సర్క్యూట్ అన్నది. 1975లో రోజ్‌బరో వర్సెస్ గారిసన్ కేసులో ఫోర్త్ సర్క్యూట్ అదే దారిన నడిచింది. ఆ సర్క్యూట్ పరిధిలో నేటికీ న్యాయవాది లేని కక్షిదారుకు పంపే హెచ్చరికను ‘రోజ్‌బరో నోటీసు’ అంటారు. 1982లో లూయిస్ వర్సెస్ ఫాక్నర్‌లో సెవెంత్ సర్క్యూట్ తరఫున న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్, 1998లో రాండ్ వర్సెస్ రోలాండ్‌లో నైన్త్ సర్క్యూట్ విస్తృత ధర్మాసనం ఇదే బాధ్యతను నిర్దిష్టం చేశారు. అన్ని సర్క్యూట్లూ ఒకే కొలత పాటించలేదు. నియమం అచ్చులో ఉంది కనుక అందరికీ తెలిసినట్టేనన్న వాదానికి కూడా కొన్ని చోట్ల ఆదరణ లభించింది. చట్టం తెలియదనడం సాకు కాదన్న సూత్రాన్ని ఇంత దూరం లాగడం సమర్థనీయం కాదు. ఇక్కడ కక్షిదారుకు తెలియనిది చట్టం మాత్రమే కాదు; తన చేతిలోని కాగితం పేరు న్యాయమూర్తి మనసులో మారిపోయిందన్న సంగతి కూడా.

సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా పట్టుకున్న సందర్భం 1972 నాటి కార్టర్ వర్సెస్ స్టాంటన్. ఇండియానా రాష్ట్రంలో సంక్షేమ సహాయం కోరినవారు జీవిత భాగస్వామి విడిచిపోయిన కారణం చూపితే, అసాధారణ పరిస్థితులుంటే తప్ప ఆ ఎడబాటు ఆరు నెలలు నిండేవరకు సహాయానికి అర్హులు కారని ఒక నిబంధన ఉండేది. ఇంట్లో పిల్లలున్నవారికి ఆరు నెలలంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. బాధితులు ఆ నిబంధనను సవాలు చేయగా ముగ్గురు న్యాయమూర్తుల జిల్లా ధర్మాసనం దావాను కొట్టివేసింది. అభివచనాలకు బయటి విషయాలు ఆ ధర్మాసనం ముందుకు వచ్చాయని, వాటిని తోసిపుచ్చలేదని సుప్రీంకోర్టు గమనించింది. అటువంటప్పుడు 56వ నియమాన్ని అనుసరించవలసి ఉండగా, కింది ఉత్తర్వు ఏ వాస్తవాల మీద, ఏ చట్టం మీద నిలిచిందో తెలియనంత అస్పష్టంగా ఉన్నదంటూ దానిని రద్దు చేసింది. ఈ చిన్న తీర్పు మరొక విషయం కూడా బయటపెట్టింది. రూపాంతరం గురించి చెప్పకపోవడం కక్షిదారునే కాదు, పై న్యాయస్థానాన్ని కూడా చీకట్లో ఉంచుతుంది.

జైలు దావాల్లో ఇంకొక చిక్కు వచ్చింది. 1978 నాటి మార్టినెజ్ వర్సెస్ ఆరోన్ తీర్పు తరువాత టెన్త్ సర్క్యూట్ పరిధిలో, ఖైదీ ఆరోపణలను జైలు అధికారులే విచారించి నివేదిక సమర్పించే పద్ధతి స్థిరపడింది. ఆ నివేదికను ముందు పెట్టుకుని దావాను కొట్టివేస్తే ఒక పక్షం సాక్ష్యంతోనే తీర్పు ముగిసినట్టవుతుంది. 1991లో హాల్ వర్సెస్ బెల్మన్ కేసులో అదే సర్క్యూట్ ఈ పోకడను అడ్డుకుంది. ఖైదీ చెప్పిన వాస్తవాలతో నివేదిక విభేదించిన చోట, ఆ విభేదాన్ని తేల్చడానికి నివేదికను వాడరాదని చెప్పింది.

1986లో సుప్రీంకోర్టు ఇచ్చిన మూడు తీర్పులు సంక్షిప్త తీర్పును మరింత పదునైన పనిముట్టుగా మార్చాయి. వాటిలో సెలోటెక్స్ వర్సెస్ కాట్రెట్ ముఖ్యమైనది. విచారణలో రుజువు భారం వాదిదైతే, వాది దగ్గర ఆధారం లేదని చూపడం ప్రతివాదికి చాలునని అది స్పష్టం చేసింది. దీనితో రూపాంతరం వల్ల కలిగే నష్టం తీవ్రత పెరిగింది. ఆధారాలు సేకరించే డిస్కవరీ దశ మొదలే కాకముందు అభ్యర్థన రూపం మారితే, లేని ఆధారాన్ని చూపమని వాదిని అడిగినట్టవుతుంది. ప్రతిస్పందనకు కావలసిన వాస్తవాలు ఇంకా తనకు అందుబాటులో లేవని చెప్పి గడువు కోరే వీలు 56వ నియమంలోనే ఉంది. అయితే అలా కోరవచ్చునని తెలిసినవారికే అది ఉపయోగపడుతుంది.

వాదపత్రం పరిధి పెరిగిన వైనం

1946లో సంఘం భయపడింది బయటి సాక్ష్యం లోపలికి దొంగచాటుగా వస్తుందని. అర్ధశతాబ్దం తరువాత వేరొకటి జరిగింది. బయటిదనుకున్న కాగితం లోపలిదేనని నిర్వచించడం మొదలయింది.

దీనికి మంచి కారణమే ఉంది. ఒప్పందం ఉల్లంఘన జరిగిందని దావా వేసిన వాది, తనకు అనుకూలం కాని షరతులున్న ఆ ఒప్పందాన్ని జతచేయకుండా దాస్తే, ప్రతివాది దానిని చూపగానే అభ్యర్థన రూపం మారిపోవాలా? 1991 నాటి కోర్టెక్ ఇండస్ట్రీస్ కేసులో సెకండ్ సర్క్యూట్ అక్కర లేదన్నది. రూపాంతర నియమం ఉన్నది అనుకోని దెబ్బను నివారించడానికి. వాది ఏ పత్రం మీద ఆధారపడి వాదపత్రం రాసుకున్నాడో ఆ పత్రం గురించి అతనికి ముందే తెలుసు. కనుక దెబ్బ అనుకోనిది కాదు. గమనించవలసింది ఏమంటే, మినహాయింపును సమర్థించడానికి కూడా న్యాయస్థానం ఆశ్రయించింది తెలియజేత సూత్రాన్నే.

కాని తెలిసి ఉండడం వేరు, ఆధారపడడం వేరు. 2002లో గాయకులు రికార్డింగ్ సంస్థల మీద వేసిన చాంబర్స్ వర్సెస్ టైమ్ వార్నర్ దావాలో అదే సర్క్యూట్ ఈ తేడాను నొక్కి చెప్పవలసి వచ్చింది. వాదికి పత్రం ఉనికి తెలిసినంత మాత్రాన చాలదు, వాదపత్రం రచనలో దాని నిబంధనలను ఆధారం చేసుకుని ఉండాలి. అంతటా ఈ జాగ్రత్త నిలవలేదు. షేర్ల మోసాల దావాల్లో ప్రతివాది కంపెనీలు ప్రభుత్వ సంస్థలకు దాఖలు చేసిన నివేదికలు, పత్రికా ప్రకటనలు, విశ్లేషకులతో జరిపిన సంభాషణల ప్రతులు కట్టలుగా కొట్టివేత అభ్యర్థనలకు జతకావడం మామూలయింది. 1995 నాటి చట్టం ప్రకారం ఆ దావాల్లో కొట్టివేత అభ్యర్థన తేలేవరకు డిస్కవరీ ఆగిపోతుంది. అంటే ప్రతివాది తన కాగితాలు చూపవచ్చు, వాది ప్రతివాది కాగితాలు అడగలేడు.

2007 ఈ కథలో విచిత్రమైన సంవత్సరం. మే నెలలో బెల్ అట్లాంటిక్ వర్సెస్ ట్వాంబ్లీ తీర్పుతో సుప్రీంకోర్టు కాన్లీ కొలతను పక్కన పెట్టి, క్లెయిము నమ్మశక్యంగా ఉండాలన్న కొత్త కొలతను తెచ్చింది. జూన్‌లో టెలాబ్స్ కేసులో, షేర్ల మోసం దావాను తూచేటప్పుడు వాదపత్రంలో ప్రస్తావించి కలుపుకున్న పత్రాలను, న్యాయస్థానం స్వయంగా గుర్తించదగిన విషయాలను కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది. డిసెంబరు 1న నియమాల భాషను సరళీకరించిన కొత్త పాఠం అమలులోకి వచ్చి, రూపాంతర నిబంధన 12వ నియమంలో ‘డి’ ఉపవిభాగంగా ప్రత్యేక స్థానం పొందింది. నిబంధనకు సొంత గది దొరికిన సంవత్సరంలోనే దాని అవసరం తగ్గే పరిస్థితులు ఏర్పడ్డాయి. 2009 నాటి ఆష్‌క్రాఫ్ట్ వర్సెస్ ఇక్బాల్ తీర్పు ట్వాంబ్లీ కొలతను అన్ని సివిల్ దావాలకూ వర్తింపజేసింది. వాదపత్రం మీదనే దావాను ఆపగలిగినప్పుడు ప్రతివాదికి రూపాంతరంతో పనేముంది?

ఈ పోకడ మీద గట్టి హెచ్చరిక 2018లో నైన్త్ సర్క్యూట్ నుంచి వచ్చింది. స్థూలకాయానికి మందు తయారు చేసే ఒక కంపెనీ మీద వాటాదారులు వేసిన ఖోజా వర్సెస్ ఓరెక్సిజెన్ దావాలో జిల్లా న్యాయస్థానం ప్రతివాది సమర్పించిన పత్రాల్లో చాలావాటిని లెక్కలోకి తీసుకుని కొట్టివేసింది. వాదపత్రంలో కలిసిపోయాయన్న పేరుతోను, న్యాయస్థానం స్వయంగా గుర్తిస్తున్నదన్న పేరుతోను ప్రతివాది కథను వాది కథ స్థానంలో నిలబెట్టడం తగదని అప్పీలు న్యాయస్థానం చెప్పింది. ఒక పత్రం ఉన్నదని గుర్తించడం ఒకటి, అందులో రాసినదంతా నిజమని గుర్తించడం మరొకటి. పేర్లు మారినా ఈ తీర్పు తిరస్కరించినది ‘మాట్లాడే డిమర్రర్’నే.

భారతీయ ప్రక్రియలో సమాంతరం

భారతీయ సివిల్ ప్రక్రియా స్మృతిలో ఈ రెండు మార్గాల మధ్య వంతెన లేదు. 7వ ఆర్డరు 11వ నియమం కింద వాదపత్రాన్ని తిరస్కరించాలంటే చూడవలసింది వాదపత్రంలోని ఆరోపణలనే గాని ప్రతివాది జవాబును కాదని సుప్రీంకోర్టు 2002 నాటి సలీం భాయ్ వర్సెస్ మహారాష్ట్ర రాష్ట్రం తీర్పులో స్థిరపరిచింది. వాదపత్రంతో పాటు వాది దాఖలు చేసిన పత్రాలను కలిపి చదవవచ్చు. 2020 నాటి దహిబెన్ తీర్పు దానిని మళ్లీ ధ్రువపరిచింది. ప్రతివాది తెచ్చిన పత్రం ఎంత బలమైనదైనా ఈ దశలో దానికి చోటు లేదు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఈ నియమం కింద వేసిన దరఖాస్తుకు వాది తరఫున వచ్చే మొదటి అభ్యంతరం ఇదే. అయితే చాకచక్యమైన రచనతో లేని వ్యాజ్య హేతువును ఉన్నట్టు భ్రమింపజేసే వాదపత్రాన్ని మొగ్గలోనే తుంచాలని 1977లో అరివందందం వర్సెస్ సత్యపాల్ కేసులో జస్టిస్ వి. ఆర్. కృష్ణ అయ్యర్ చెప్పినప్పటి నుంచి, ‘అర్థవంతంగా చదవడం’ అన్న పేరుతో న్యాయమూర్తి వాదపత్రం అంచులను కొంత దాటే వీలు ఏర్పడింది. అమెరికాలో కోర్టెక్ చేసిన పనిని ఇక్కడ ఈ మాట కొంతవరకు చేస్తున్నదనవచ్చు.

37వ ఆర్డరును దాటిన విస్తృత సంక్షిప్త తీర్పు భారతదేశంలోకి 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టంతో, 13-ఏ ఆర్డరుగా వచ్చింది. సమను అందిన తరువాత, వివాదాంశాలు నిర్ణయించక ముందు దీనిని కోరాలి. ఎదుటి పక్షానికి సమాధానం ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంది. కోరేవాడు తన దరఖాస్తు దేనికోసమో దాని మీదనే చెప్పాలి కనుక, అమెరికా ఖైదీలకు ఎదురైన అయోమయం ఇక్కడ ఆ రూపంలో తలెత్తదు. తిరస్కృతమైన వాదపత్రం స్థానంలో, కాలపరిమితికి లోబడి, కొత్తది దాఖలు చేసుకోవచ్చునని 7వ ఆర్డరు 13వ నియమం వాదికి హక్కు ఇస్తుంది. సంక్షిప్త తీర్పుతో ఓడినవాడికి ఆ దారి లేదు, అతనికి మిగిలేది అప్పీలు.